బరువు లాగే డీజిల్ ట్రక్కుకు ఏ టర్బో?

ట్రైలర్ తగిలించుకుని పొడవాటి ఎక్కుడు ఎక్కుతున్న ట్రక్కులో ఇంజిన్ పావుగంట, ఇరవై నిమిషాల పాటు దాదాపు ఒకే తీరుగా తిరుగుతుంది. యాక్సిలరేటర్ ముప్పాతిక వంతో, పూర్తిగానో తొక్కి ఉంటుంది. ఆర్‌పీఎం 1,800కూ 2,400కూ మధ్య కదలాడుతుంది. టర్బో బాగా పనిచెయ్యాల్సింది అక్కడ. ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగే టర్బైన్, అదే షాఫ్ట్ మీద తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నొక్కే కంప్రెసర్, ఈ రెండూ కలిసినదే టర్బో. కానీ టర్బోలు అమ్ముడయ్యేది మరో అంకె మీద: మొత్తం మీద ఎన్ని హార్స్‌పవర్‌కు సరిపడా గాలి తొయ్యగలదు అన్నదాని మీద. ఆ గరిష్ఠం 3,000 ఆర్‌పీఎం దాటాక, కొన్ని సెకన్ల పాటు కనిపించేది. బరువు లాగేవాళ్లకు ఆ సెకన్లతో పని లేదు. 'ఎలాగూ మారుస్తున్నాం, కాస్త పెద్దదే వేసేద్దాం' అనుకుని వేసిన టర్బో ఖాళీ బండిలో హుషారుగానే ఉంటుంది. ట్రైలర్ తగిలించగానే నల్లపొగ కక్కుతూ, ఎగ్జాస్ట్ వేడి పెంచుకుంటూ పోయి, ఎక్కుడు మధ్యలో డ్రైవర్ చేత కాలు ఎత్తిస్తుంది.

పుల్లింగ్ పోటీల సంగతి ముందే పక్కన పెట్టాలి. స్లెడ్ (బరువు మోసే జారుడు బండి) లాగే పోటీలో పూర్తి దూరం 300 అడుగులు. ఇంజిన్ పూర్తి లోడు మీద ఉండేది సెకన్లలో లెక్క. తరగతిని బట్టి కంప్రెసర్ నోరు 2.5, 2.6, 3.0 అంగుళాలు దాటకూడదని నిబంధనలు ఉంటాయి. ఆ నోటితోనే వీలైనంత గాలి మింగించాలని, 4,000 ఆర్‌పీఎం దాటించి ఇంజిన్ తిప్పుతారు. ఆ కొన్ని సెకన్లలో ఎగ్జాస్ట్ బాగా వేడెక్కినా పిస్టన్ చాలావరకు తట్టుకుంటుంది, ఎందుకంటే లోహంలోకి వేడి పూర్తిగా దిగేలోపే పరుగు అయిపోతుంది. రోడ్డు మీద ఇరవై నిమిషాలు లాగే బండికి ఆ టర్బో నకలు కొట్టడం అంటే వంద మీటర్ల పరుగువాడి బూట్లతో మూటలు మోయించడం లాంటిది.

ముందు గాలి లెక్క

టర్బో పేర్లు చూసే ముందు, బండికి నిమిషానికి ఎన్ని కిలోల గాలి కావాలో తేల్చుకోవాలి. ఇది కాగితం మీద పది నిమిషాల పని.

ట్రక్కు, ట్రైలర్ కలిపి 10,000 కిలోలు అనుకుందాం. ఆరు శాతం ఎక్కుడు, గంటకు 80 కిలోమీటర్ల వేగం. ఎక్కుడు వెనక్కి లాగే బలం సుమారు 5,900 న్యూటన్లు. టైర్ల రాపిడి ఇంకో 1,000. ఎదురుగాలి, ట్రైలర్ ఆకారాన్ని బట్టి, 1,300 దరిదాపుల్లో. మొత్తం 8,200 న్యూటన్లు. సెకనుకు 22 మీటర్ల చొప్పున ఆ బలాన్ని లాగాలంటే చక్రాల దగ్గర 182 కిలోవాట్లు కావాలి. గేర్‌బాక్స్, ఆక్సిల్, ఫ్యాన్ తినేది పదిహేను శాతం కలిపితే ఇంజిన్ ఇవ్వాల్సింది సుమారు 214 కిలోవాట్లు, అంటే 290 హార్స్‌పవర్. పది టన్నుల బండికి 600 హార్స్‌పవర్ టర్బో అడిగేవాళ్లు ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

ఇప్పుడు డీజిల్. ఈ రకం ఇంజిన్ మంచి లోడులో కిలోవాట్ అవర్‌కు సుమారు 220 గ్రాములు కాలుస్తుంది. 214 కిలోవాట్లకు గంటకు 47 కిలోలు, నిమిషానికి 0.78 కిలో. రసాయనశాస్త్రం ప్రకారం కిలో డీజిల్ కాలడానికి పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ సిలిండర్‌లో ఇంధనం, గాలి పూర్తిగా కలవవు కాబట్టి పద్దెనిమిది కిలోల కిందికి దిగితే పొగ మొదలవుతుంది. చాలాసేపు లాగే పనికి ఇరవై, ఇరవై రెండు ఉంటే వేడి అదుపులో ఉంటుంది. ఇరవై ఒకటి వేసుకుంటే నిమిషానికి 16.5 కిలోలు. కంప్రెసర్ మ్యాప్‌లు (దాని పనితీరు చూపే పటాలు) ఎక్కువగా పౌండ్లలో ఉంటాయి కాబట్టి 36 పౌండ్లు అని రాసుకోవాలి.

ఆ గాలిని 6.7 లీటర్ల ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర మింగాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. నిండడం తొంభై శాతం అనుకుంటే నిమిషానికి ఆరు ఘనమీటర్లు. ఆరు ఘనమీటర్లలో 16.5 కిలోలు పట్టాలంటే, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తర్వాత గాలి 60 డిగ్రీల సెల్సియస్ ఉంటే, దాన్ని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్‌లో 2.6 బార్ల మొత్తం పీడనం కావాలి. బూస్ట్ గేజ్ బయటి గాలి కన్నా ఎక్కువున్న పీడనాన్నే చూపిస్తుంది కాబట్టి, సముద్రమట్టంలో దాని మీద అది 23 పీఎస్‌ఐ.

చాలామంది పొరబడే విషయం ఇక్కడే బయటపడుతుంది. ఆర్‌పీఎం, బూస్ట్, మానిఫోల్డ్‌లో గాలి వేడి ఒకటే అయితే ఏ టర్బో వేసినా ఇంజిన్‌లోకి వెళ్లే గాలి దాదాపు ఒకటే. పెద్ద టర్బో 23 పీఎస్‌ఐలో ఏదో మంత్రం వేసి ఎక్కువ గాలి దూర్చదు. తేడా రెండు చోట్ల ఉంటుంది: ఆ గాలిని టర్బో ఎంత వేడెక్కించి ఇచ్చింది, దానికి ఎగ్జాస్ట్ వైపు ఎంత పీడనం మూల్యంగా చెల్లించింది. ఎంపిక అంతా ఈ రెండింటి చుట్టూనే తిరగాలి.

కంప్రెసర్ మ్యాప్ మీద రెండు చుక్కలు

మ్యాప్‌లో నిలువు గీత మీద పీడన నిష్పత్తి, అడ్డ గీత మీద గాలి ప్రవాహం ఉంటాయి. మధ్యలో ద్వీపాల్లాంటి వలయాలు సామర్థ్యాన్ని చూపిస్తాయి. ఎడమ అంచు సర్జ్ గీత, అది దాటితే గాలి వెనక్కి కొడుతుంది. కుడి అంచు ఊపిరాడని గీత, అది దాటితే చక్రం ఇంకా గాలి మింగలేదు.

మన బండి మొదటి చుక్క పెట్టాలంటే ఫిల్టర్, ఇంటర్‌కూలర్ నష్టాలు కలపాలి. ఫిల్టర్ దాటాక కంప్రెసర్ నోటి దగ్గర పీడనం 101 కిలోపాస్కల్స్ నుంచి 96కు పడుతుంది. బయటికొచ్చే చోట ఇంటర్‌కూలర్ నష్టం కలిపి 271 కావాలి. నిష్పత్తి 2.8. ప్రవాహాన్ని మ్యాప్ ప్రమాణానికి సరిచేస్తే 39 పౌండ్లు.

ఇప్పుడు అదే బండి 2,000 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. బయటి గాలి పీడనం 80 కిలోపాస్కల్స్ కిందికి పడిపోతుంది. కంప్రెసర్ నోటి దగ్గర 75. ఇంజిన్‌కు కావాల్సిన గాలి మారలేదు. నిష్పత్తి మాత్రం 3.6కు పోయింది. సరిచేసిన ప్రవాహం 49 పౌండ్లయింది. గేజ్ మీద చూస్తే 23 నుంచి 26 పీఎస్‌ఐకి పెరిగినట్టే కనిపిస్తుంది, డ్రైవర్‌కు అనుమానం కూడా రాదు. లోపల షాఫ్ట్ మాత్రం తన గరిష్ఠ వేగానికి దగ్గరగా తిరుగుతుంటుంది. మైదానంలో ఏళ్ల తరబడి నడిచిన టర్బో ఒక్క కొండదారి ప్రయాణంలో పగిలిపోవడానికి ఇదొక పెద్ద కారణం. కాబట్టి ఎంచుకునే కంప్రెసర్ మ్యాప్‌లో ఈ రెండో చుక్క కూడా లోపలే, కుడి అంచుకు తగలకుండా, కనీసం 70 శాతం వలయంలో పడాలి.

ఆ వలయం ఎందుకంత ముఖ్యమంటే: 35 డిగ్రీల గాలిని 2.8 రెట్లకు నొక్కితే, 75 శాతం సామర్థ్యంతో అది 176 డిగ్రీల వద్ద బయటికొస్తుంది. 65 శాతమైతే 197. ఇంటర్‌కూలర్ ఆ ఇరవై డిగ్రీల్లో చాలాభాగం తీసేస్తుంది, అది నిజమే. కానీ అదే పని చెయ్యడానికి షాఫ్ట్‌కు పదిహేను శాతం ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తి టర్బైన్ నుంచి, అంటే ఎగ్జాస్ట్ గొంతు మరింత నొక్కడం నుంచే వస్తుంది.

ఇక ఎడమవైపు. 1,500 ఆర్‌పీఎం దగ్గర నిష్పత్తి 2.2 ఉంటే ఇదే ఇంజిన్ తీసుకునేది 21 పౌండ్లు. సర్జ్ గీత ఆ ఎత్తులో 18 పౌండ్ల దగ్గరో, ఇంకా ఎడమకో ఉండాలి. గీత 21 దాటి కుడికి ఉన్న కంప్రెసర్ కింది ఆర్‌పీఎంలో లోడు పడగానే వెనక్కి కక్కుతుంది. గేరు మార్చేటప్పుడు కాలు ఎత్తగానే వినిపించే ఒక్క 'బుస్' వేరు. కాలు తొక్కి ఉండగానే కుక్క మొరిగినట్టు వరసగా వినిపించేది వేరు. రెండోది, షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్‌ను సుత్తితో కొడుతున్నట్టు లెక్క.

5.9, 6.7 లీటర్ల సిక్స్ సిలిండర్ ఇంజిన్లకు 400 హార్స్‌పవర్ లోపు లాగుడు పనిలో కంప్రెసర్ చక్రం నోరు 60 నుంచి 64 మిల్లీమీటర్ల మధ్య సరిపోతుంది. 66 దాటితే 500 హార్స్‌పవర్ పైన ఇంధనం పోసే బండికే న్యాయం. ఈ అంకెలు చదివేటప్పుడు జాగ్రత్త: బోర్గ్‌వార్నర్ ఎస్362 అంటే ఎస్300 తరగతిలో 62 మిల్లీమీటర్ల నోరు ఉన్న చక్రం. హోల్సెట్ రకాలను 62/65/12 అని రాస్తే 62 కంప్రెసర్ నోరు, 65 టర్బైన్ చక్రంలో వాయువు బయటికి పోయే వైపు కొలత, 12 టర్బైన్ హౌసింగ్ (చక్రం చుట్టూ ఉండే తొడుగు) గొంతు వైశాల్యం, చదరపు సెంటీమీటర్లలో. కొందరు అమ్మకందార్లు పెద్దగా కనిపించడానికి నోటి కొలతకు బదులు వెనక అంచు కొలత రాస్తారు. పైగా దిమ్మ నుంచి మిల్లింగ్ చేసి తీసిన కొత్త తరం చక్రాలు అదే నోటితో పాత పోత చక్రాల కన్నా ఎక్కువ గాలి ఇస్తాయి. మ్యాప్ ఇవ్వకుండా మిల్లీమీటర్లు మాత్రమే చెప్పే చోట కొనకపోవడమే మంచిది.

టర్బైన్ వైపు, అసలు తగాదా

కంప్రెసర్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా టర్బైన్ మీద పెట్టరు. లాగుడు బండిలో బాగోగులు తేలేది మాత్రం ఇక్కడే.

టర్బైన్ హౌసింగ్ గొంతు వైశాల్యాన్ని, ఆ గొంతు మధ్యభాగం షాఫ్ట్ నుంచి ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది ఏ బై ఆర్. చిన్న అంకె అంటే ఇరుకు గొంతు: వాయువు వేగంగా తగిలి టర్బో త్వరగా లేస్తుంది (బూస్ట్ అందుకుంటుంది), పై ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్ బయటికి పోలేక నిలబడుతుంది. పెద్ద అంకె దీనికి తలకిందులు. హోల్సెట్ వాళ్లు గొంతు వైశాల్యాన్నే నేరుగా చెబుతారు. 1990ల నాటి 5.9 కమిన్స్ ఇంజిన్ మీద వచ్చిన హెచ్‌ఎక్స్35కి 12 చదరపు సెంటీమీటర్ల హౌసింగ్ ఉండేది. 14కీ, 16కీ పోయేకొద్దీ లేవడం ఆలస్యమై, పైన ఊపిరి తేలికవుతుంది. ఎస్300 తరగతిలో టీ4 ఫ్లాంజ్‌తో (మానిఫోల్డ్‌కు బిగించే ముఖం సైజు అది) లాగుడు పనికి 0.80 నుంచి 0.91 వరకు చూడొచ్చు. ఒక కంపెనీ 0.80ని ఇంకో కంపెనీ 0.80తో పోల్చకూడదు, చక్రం మారితే ఆ అంకె అర్థమే మారిపోతుంది.

సరిపోయిందో లేదో చెప్పేది డ్రైవ్ ప్రెషర్ ఒక్కటే. టర్బైన్‌కు ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఉండే పీడనం అది. దాన్ని బూస్ట్‌తో పోల్చాలి. 23 పీఎస్‌ఐ బూస్ట్ దగ్గర డ్రైవ్ 25 నుంచి 30 ఉంటే జోడీ కుదిరినట్టు. 35 వరకు భరించొచ్చు. 46, అంటే బూస్ట్‌కు రెండింతలు చూపిస్తే టర్బైన్ ఇరుకైనట్టే, లేదా కంప్రెసర్ తన మ్యాప్ కుడి అంచులో కొట్టుకుంటున్నట్టు. అంత ఎదురు పీడనంలో కాలిన వాయువు సిలిండర్‌లో మిగిలిపోతుంది, తాజా గాలికి చోటు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. పిస్టన్ ఎగ్జాస్ట్‌ను బయటికి నెట్టడానికే శక్తి ఖర్చుపెడుతుంది. డీజిల్ ఖర్చు పెరగడం దీని మొదటి గుర్తు. హెడ్ గ్యాస్కెట్ ఆ తర్వాతి వరసలో ఉంటుంది.

ఈ గేజ్ పెట్టుకోవడం పెద్ద పని కాదు, అయినా చాలా బండ్లలో ఉండదు. మానిఫోల్డ్‌కు చిన్న రంధ్రం వేసి మర దింపి, స్టీలు గొట్టాన్ని మీటరు పొడవున స్ప్రింగులా చుట్టి, వేడి చచ్చాక అక్కడి నుంచి సెన్సర్‌కు తీసుకోవాలి. నేరుగా ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే మొదటి ఎక్కుడులోనే కరుగుతుంది. గొట్టం కింది నుంచి పైకి వెళ్లేలా ఉండాలి, లేకపోతే తేమ, మసి చేరి పూడుకుపోతుంది. రంధ్రం వేసేటప్పుడు మానిఫోల్డ్ విప్పడం మేలు. విప్పకుండా వేసిన రంధ్రం నుంచి రాలిన ఒక్క ఇనుప రజను చాలు, టర్బైన్ రెక్క అంచు పోవడానికి.

ఎగ్జాస్ట్ వేడి కొలిచే మొన కూడా టర్బైన్‌కు ముందే ఉండాలి. తర్వాత పెడితే లోడులో వంద డిగ్రీలకు పైగా తక్కువ చూపించి మోసం చేస్తుంది. చాలాసేపు సాగే ఎక్కుడుకు 675 డిగ్రీల సెల్సియస్‌ను పై హద్దుగా పెట్టుకోవడం లాగుడువాళ్లలో స్థిరపడిన అలవాటు. అల్యూమినియం పిస్టన్లకు అది కాస్త ఊరటనిచ్చే అంకె. రెండు గదుల మానిఫోల్డ్‌లో మొన ఏ గదిలో ఉందో గుర్తుపెట్టుకోవాలి. అది చెప్పేది ఆ మూడు సిలిండర్ల కబురు మాత్రమే.

రెండు గదుల సంగతి వచ్చింది కాబట్టి: 1-5-3-6-2-4 వరసలో పేలే సిక్స్ సిలిండర్‌లో ముందు మూడూ ఒక గదిలోకి, వెనక మూడూ ఇంకో గదిలోకి వదిలితే ఒక్కో గదిలో తోపు 240 డిగ్రీలకు ఒకటి పడుతుంది. ఒకదాని తోపు ఇంకొకదాని వాల్వ్‌లోకి వెనక్కి రాదు. ఆ విడి అలల వల్లే పెద్ద హౌసింగ్ కూడా కింద నుంచి లేస్తుంది. గదులున్న మానిఫోల్డ్‌కు గదులు లేని హౌసింగ్ బిగిస్తే ఆ లాభమంతా ఫ్లాంజ్ దగ్గరే పోతుంది. రెండు వైపుల సిలిండర్ వరసల నుంచి గొట్టాలు కలిసే వీ8లో ఈ పొందిక అంత శుభ్రంగా కుదరదు.

వేస్ట్‌గేట్ (మిగులు ఎగ్జాస్ట్‌ను టర్బైన్‌కు తగలకుండా పక్కనుంచి వదిలే తలుపు) లేకుండా లాగుడు టర్బో ఎంచుకోవడం నేడు అర్థం లేని పని. కాస్త ఇరుకు హౌసింగ్ పెట్టి కింద త్వరగా లేపి, పైన వేస్ట్‌గేట్‌తో మిగులు వదిలెయ్యడమే దారి. గేజ్ మీద ఇంకో పది పీఎస్‌ఐ చూడాలని, ఆ తలుపు తెరుచుకోకుండా దాని కడ్డీ బిగించేవాళ్లు, గొట్టం మూసేసేవాళ్లు ఉంటారు. అలా వచ్చిన పదితో పాటు డ్రైవ్ ప్రెషర్ ఇరవై పెరిగిందని వాళ్లకు తెలియదు, ఆ గేజ్ లేదు కాబట్టి.

రెక్కలు కదిలే టర్బో, కదలనిది

కంపెనీ నుంచే వీజీటీతో, అంటే టర్బైన్ గొంతు వెడల్పు మారే టర్బోతో వచ్చిన బండి (డ్యూరామ్యాక్స్ ఇంజిన్ 2004 నడిమి నుంచి, కమిన్స్ 6.7 లీటర్లు 2007 నడిమి నుంచి) ఉంటే, అది ఆరోగ్యంగా ఉండి, 350 హార్స్‌పవర్ దాటే ఉద్దేశం లేకపోతే, మార్చకుండా ఉంచుకోవడమే తెలివైన పని. కింద ఇరుకు, పైన వెడల్పు అన్న రెండు గొంతులు ఒకే టర్బోలో ఉన్నట్టే. దాని శత్రువు మసి. తక్కువ లోడులో, ఊరికే ఐడిల్‌లో గంటలు నడిచే బండిలో రెక్కలో, వాటిని తిప్పే రింగో మసి పట్టి, తుప్పు పట్టి బిగుసుకుంటాయి. హోల్సెట్‌లో రెక్కలు తిరగవు, నాజిల్ రింగు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బిగుసుకోవడం మాత్రం అలాగే జరుగుతుంది. దాన్ని కదిలించే ఎలక్ట్రానిక్ మోటారు మారిస్తే స్కాన్ టూల్‌తో క్యాలిబ్రేట్ చెయ్యాలి. చెయ్యకుండా తోలితే కొత్త మోటారు పళ్లు మొదటి రోజే పోవచ్చు.

వీజీటీ తీసి కదలని టర్బో పెడదామనుకునేవాళ్లు రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. ఒకటి: ఈజీఆర్‌కు (కొంత ఎగ్జాస్ట్‌ను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) కావాల్సిన ఎదురు పీడనాన్ని కూడా వీజీటీయే ఇస్తుంది. దాన్ని తీస్తే ఉద్గార వ్యవస్థ మొత్తం తేడా పడుతుంది. అమెరికాలో రోడ్డు బండికి అలా చెయ్యడం క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. ఇలాంటి చట్టాలు ఇంకా చాలా దేశాల్లో ఉన్నాయి. రెండోది దిగుడు. పైన లెక్కేసిన బండే అదే ఆరు శాతం వాలులో 80 కిలోమీటర్ల వేగంతో దిగితే, టైర్లు, గాలి తినగా 80 కిలోవాట్లు ఇంకా మిగులుతాయి. వాటిని ఇంజిన్ తినాలి, లేదంటే బ్రేకు డ్రమ్ములు కాలాలి. వీజీటీ గొంతు మూసుకుని ఎగ్జాస్ట్ బ్రేకుగా పనిచేసేది. అది పోయాక టర్బైన్ తర్వాత సీతాకోకచిలుక వాల్వ్ ఉన్న బ్రేకు విడిగా పెట్టాలి. పాత ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ స్ప్రింగులు ఆ వెనక పీడనానికి తాళవు. బ్రేకు వేసినప్పుడు వాల్వ్ తనంతట తాను తెరుచుకుంటుంది. కమిన్స్ పన్నెండు వాల్వుల ఇంజిన్‌కు 60 పౌండ్ల స్ప్రింగులు వేసేది అందుకే.

రెండు టర్బోలు వరసగా

ఎత్తు ప్రదేశంలో 3.6 నిష్పత్తి అడిగిన సంగతి గుర్తుందా? ఒక్క టర్బో దాన్ని ఆయాసపడుతూ ఇస్తుంది. పెద్దది 1.9 రెట్లు, దాని నుంచి చిన్నది మళ్లీ 1.9 రెట్లు నొక్కితే అదే 3.6 వస్తుంది, రెండూ తమ మ్యాపుల నడిమధ్యలో హాయిగా ఉంటాయి. కింద చిన్నది వెంటనే లేస్తుంది, పైన పెద్దది అందుకుంటుంది. ఫోర్డ్ 2008 నుంచి 2010 వరకు 6.4 లీటర్ల ఇంజిన్‌కు ఫ్యాక్టరీలోనే ఈ అమరిక ఇచ్చింది. విడిగా చేసుకునేవాళ్లు సాధారణంగా కంపెనీ టర్బోను, లేదా 60 మిల్లీమీటర్ల పరిసరాల్లో ఉన్నదాన్ని చిన్నదిగా ఉంచి, 71 నుంచి 75 మిల్లీమీటర్ల నోరున్న ఎస్400 తరగతిదాన్ని ముందు పెడతారు.

ఎక్కడ చెడుతుందంటే, చిన్నదాని వేస్ట్‌గేట్ దగ్గర. పై ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్‌లో పెద్ద భాగం చిన్న టర్బైన్‌ను తప్పించుకుని పెద్దదానికి పోవాలి. కంపెనీ ఇచ్చిన చిన్న రంధ్రం అందుకు చాలదు. డ్రైవ్ ప్రెషర్ ఆకాశానికి పోతుంది. తర్వాత గొట్టాలు. ఎక్కువ పీడనంలో, అంచు గట్టు లేని గొట్టం మీద బిగించిన సిలికాన్ తొడుగు జారిపోవడం మామూలే. రెండు టర్బోల మధ్య వేడి గొట్టంలో బెల్లోస్ (సాగి ముడుచుకునే ముక్క) లేకపోతే, లోహం వేడికి సాగి, చల్లబడి కుంచించుకుని, వెల్డింగు పక్కనే చీలుతుంది. నూనె గొట్టాలు రెట్టింపు, బానెట్ కింద వేడి రెట్టింపు. తరచూ కొండదారుల్లో పన్నెండు టన్నులకు పైగా లాగే బండికీ, 450 హార్స్‌పవర్ దాటి నిలకడగా వాడే బండికీ ఇది తగిన వైద్యం. మిగతా బండ్లకు మంచి సింగిల్ టర్బోతోనే పని జరుగుతుంది.

బిగించేటప్పుడు

బేరింగుల గురించి ఎక్కువ చర్చ అనవసరం. నూనె పొర మీద తేలే జర్నల్ బేరింగు సరిపోతుంది, మురికి పట్టిన నూనెను కూడా బాల్ బేరింగు కన్నా ఎక్కువ ఓర్చుకుంటుంది. థ్రస్ట్ బేరింగు పూర్తి 360 డిగ్రీలది ఉండాలి. చేతిలో పట్టుకుని షాఫ్ట్‌ను పక్కలకు ఊపితే కాస్త కదులుతుంది, అది లోపం కాదు, నూనె లేదు కాబట్టి. ముందుకూ వెనక్కూ కదలిక మాత్రం డయల్ గేజ్‌తో చూడాలి. మిల్లీమీటరులో పదో వంతు దాటితే అనుమానించాలి.

పాత టర్బో పగిలి పోయి ఉంటే ఇంటర్‌కూలర్ విప్పి కడగకుండా కొత్తది బిగించకూడదు. అల్యూమినియం ముక్కలు దాని గొట్టాల్లో దాక్కుని నెల తర్వాత ఇంజిన్‌లోకి వెళ్తాయి. అందులో పేరుకున్న నూనె అయితే ఇంకా ప్రమాదం: లోడులో అది ఇంజిన్‌లోకి వెళితే తాళం తీసినా ఇంజిన్ ఆగదు.

నూనె దిగే గొట్టం నిటారుగా కిందికి పోవాలి, సంపులో నూనె మట్టానికి పైన చేరాలి. ఎక్కడైనా అడ్డంగా పడుకున్నా, వంపు తిరిగి పైకి లేచినా నూనె నిలిచి సీలు దాటి ఇంటేక్‌లోకో, సైలెన్సర్‌లోకో కారుతుంది. 'కొత్త టర్బో, వారం తిరక్కుండానే సీలు పోయింది' అన్న ఫిర్యాదుల్లో సీలు తప్పు లేనివే ఎక్కువ. నూనె వచ్చే, పోయే ఫ్లాంజ్‌ల దగ్గర గ్యాస్కెట్ మాత్రమే వాడాలి. పేస్టు పూస్తే పిండుకున్న ముక్క ఊడి నూనె దారి మూస్తుంది. నూనె రంధ్రంలో చెంచాడు ఇంజినాయిల్ పోసి చక్రం చేత్తో తిప్పి, ఇంధనం ఆపి స్టార్టర్‌తో నూనె పీడనం వచ్చేదాకా తిప్పాక గానీ స్టార్ట్ చెయ్యకూడదు. లోడు దిగాక కూడా ఎగ్జాస్ట్ 150 డిగ్రీలకు పడేదాకా ఐడిల్‌లో ఉంచాలి. వెంటనే ఆపితే షాఫ్ట్ మీద నిలిచిన నూనె బొగ్గయిపోతుంది.

అంకెలు ఏం చెబుతాయి

టర్బో మార్చకముందు ఒక ఎక్కుడు ఎంచుకుని, ఒకే బరువు, ఒకే గేరు, ఒకే వేగంతో బూస్ట్, డ్రైవ్, ఎగ్జాస్ట్ వేడి, మానిఫోల్డ్ గాలి వేడి నాలుగూ రాసుకోవాలి. మార్చాక అదే ఎక్కుడు మళ్లీ ఎక్కాలి. వేడి ఎక్కువ, బూస్ట్ తక్కువ, డ్రైవ్ కూడా తక్కువ అయితే టర్బైన్ ఆ ఆర్‌పీఎంకు పెద్దది. వేడి, డ్రైవ్ రెండూ ఎక్కువై బూస్ట్ అంతంతే అయితే టర్బైన్ ఇరుకు, లేదా బూస్ట్ ఎక్కడో కారిపోతోంది. బూస్ట్ నిలకడగా ఉండి ఎగ్జాస్ట్ వేడి మాత్రం నిమిషానికి కొంత చొప్పున పెరుగుతూ పోతుంటే గాలి వేడి చూడాలి. ఇంటర్‌కూలర్ ముందు దుమ్ము, పురుగులు పట్టి ఉంటాయి, లేదా ఫ్యాన్ క్లచ్ పట్టడం లేదు. 1,500 దగ్గర కాలు పూర్తిగా తొక్కి ఉంచి 'వేడెక్కుతోంది' అనడం మాత్రం టర్బోకు అన్యాయం. ఒక గేరు దించితే ఆర్‌పీఎం 2,100కు లేచి, అదే శక్తికి గాలి పెరిగి, వేడి యాభై, అరవై డిగ్రీలు తగ్గడం గేజ్ మీదే కనిపిస్తుంది.

టర్బో మీద డబ్బు పెట్టే ముందు లీకు పరీక్ష ఒకటి తప్పనిసరి. ఫిల్టర్ గొట్టం తీసి, టర్బో నోటికి గాలి ముక్కు ఉన్న మూత బిగించి, రెగ్యులేటర్‌తో మెల్లగా 15, 20 పీఎస్‌ఐ ఎక్కించాలి. మూతకు ఎదురుగా నిలబడకూడదు, జారితే బుల్లెట్‌లా వస్తుంది. సబ్బునీళ్లు తొడుగుల మీద, ఇంటర్‌కూలర్ చివరి అతుకుల మీద, మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచున చల్లుతూ పోవాలి. ఏదో ఒక వాల్వ్ తెరిచి ఉంటుంది కాబట్టి కొంత గాలి ఇంజిన్‌లోంచి ఎలాగూ పోతుంది. ఆ మెల్లని శబ్దం లెక్కలోకి రాదు. బుడగలు లేచే చోటే లీకు. చాలాసార్లు అది ఇంటర్‌కూలర్ కింది మూలలో, ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కలిసే మడత దగ్గర దొరుకుతుంది.